గమ్యం చేరలేదు

"మేడమ్, నా కబుర్లు ఆపీసినది మీరేనా?"

గౌతమి కంప్యూటర్ మీంచి తలెత్తింది. ఎదురుగా నలభై దాటిన మనిషి, వానకు తడిసిన చొక్కాతో.

"మీరెవరు?"

"ఉదయభాస్కర్. ఆమదాలవలసలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను."

తీరంలోని తుపాను సైరన్లన్నిటినీ నడిపే ఆ కేంద్రంలో గౌతమి కొత్త ఇంజినీరు. నౌపడ ఉప్పుమడుల అవతలి పల్లెలో ఉన్న సైరన్‌ను బయటి కంప్యూటరేదో పొద్దస్తమానం పలకరించడం ఆమె కంటపడింది. ఎవరో దొంగదారి వెతుకుతున్నారనుకుంది. అలాంటి కబుర్లన్నిటికీ తలుపు మూసేసింది.

"అది మీ పనేనా? మీ మీద కేసు పెట్టాలి!"

"దొంగపని కాదండి. నెట్‌వర్క్‌లో నేరుగా కబురంపే 'రా సాకెట్'తో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. అది 'ఉన్నావా?' అనడుగుతాది. సైరన్ 'ఉన్నాను' అంటాది. అంతే."

"ఆ సైరన్ సంగతి మీకెందుకు? మీ ఊరా?"

"కాదండి."

"మరి?"

అతను మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు.

"నన్నాపితే ఆపండి మేడమ్. తప్పు జరిగిందని చెప్పే కబుర్లు మాత్రం ఆపొద్దు. దారి తెగితే 'గమ్యం చేరలేదు' అని మధ్యలో యంత్రాలు చెప్తాయి. అదీ మీరు మూసిన తలుపులోంచే రావాలి, ఇప్పుడది మీకూ అందదు. సైరన్ చచ్చిపోయినా మీ తెర మీద పచ్చగానే ఉంటాది."

గౌతమి తెర అతని వైపు తిప్పింది.

"చూడండి. అన్నీ పచ్చగానే ఉన్నాయి."

"అదేనండి నా భయం."

"ఇంక వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

అతను రాలేదు.

కార్తీకంలో తుపాను వచ్చింది. మిట్టమధ్యాహ్నం గౌతమి సైరన్లన్నీ మోగించింది. తెరంతా పచ్చగా వెలిగింది. హమ్మయ్య అనుకుంది.

నీళ్ళు తీశాక ఆ పల్లెకు వెళ్ళింది. చాలా ఇళ్ళకు గోడలే మిగల్లేదు.

తుపాను షెడ్డు మెట్ల మీద గున్నమ్మ అనే ముసలామె కూర్చునుంది.

"సైరన్ విని కూడా కదల్లేదా అవ్వా?"

"ఏటి ఇనడం? అది కూస్తే కదా!"

గౌతమి గిరుక్కున సైరన్ కేసి తిరిగింది.

"బాస్కర్ బాబు బండేసుకొచ్చి ఇల్లిల్లూ తలుపులు బాదినాడు. సైరన్ కూయనేదు, నీ కంగారేటని మావోళ్లు నవ్వినారు. ఇన్నోళ్లం ఈ షెడ్డులో పడ్డాం. ఇననోళ్ల కోసం మల్లీ ఎల్లినాడు."

గౌతమి ఆఫీసుకు ఫోన్ చేసి, మూసిన తలుపు తెరిపించింది. ఆఫీసు తెర మీద ఆ పల్లె సైరన్ ఎదుట అప్పుడు పడింది ఎర్రగుర్తు.

"ఆయనేడీ?"

గున్నమ్మ ఉప్పుమడుల వైపు చెయ్యి చూపింది. ఆ వైపంతా ఇంకా నీళ్ళే.

"నిన్న దొరికినాడు."

గౌతమి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఈ ఊరివాడు కాడు. మీకేమీ కాడు. ఎందుకొచ్చాడవ్వా?"

గున్నమ్మ ఆమె కేసి వింతగా చూసింది.

"నీకు తెల్దేటి తల్లీ? మునపటి తుపాన్లో, సైరన్ పలకడం నేదని బాగు సెయ్యడానికొచ్చి ఇక్కడే కొట్టుకుపోనాది మీ ఆఫీసు ఇంజినీరమ్మ, సుహాసినమ్మ... ఆయమ్మ పెనిమిటి."