నిద్రగోలీలు

కల్లు దుకాణానికి ఎక్సైజోళ్లు సీలు వేసి వెళ్లినప్పటి నుంచి ఊళ్లో సగం మందికి కంటి మీద కునుకు లేదు. ఆ కల్లులో నిద్రమందు పొడి కలిపేవారట. దానికి అలవాటు పడ్డ ఒళ్లు, అది అందక వణికిపోతోంది.

నిరోష ఇంట్లో హనుమంతుదీ అదే గతి. చేతులు వణుకుతున్నాయి. నోట్లో పెట్టింది ఉమ్మేస్తున్నాడు. రాత్రంతా ఒకటే అరుపులు.

కల్లు ఉన్నన్నాళ్లూ ఆమెకు ఏ రందీ లేదు. కాస్త గొంతులో పడితే చాలు, గొడవ చేయకుండా పడుకునేవాడు. పక్కింటి అమృతమ్మకు ఓ మాట చెప్పి పత్తి ఏరడానికి పోయేది. ఇప్పుడు కూలీ లేదు, నిద్రా లేదు.

"దవాఖానకు తీస్కపో బిడ్డా," అంది అమృతమ్మ.

"కల్లు మాట చెప్తే నన్నే తిడ్తరవ్వా."

హనుమంతును ముసలామెకు అప్పజెప్పి, పొద్దున్నే బస్సెక్కి కోస్గిలో దిగింది. మందుల దుకాణం ముందు అప్పటికే జనం. అందరి బాధా ఒకటే.

"నీకా?" తల ఎత్తకుండానే అడిగాడు దుకాణం నడిపే దయాకర్.

"నాక్కాదన్నా, మావోడికి. కల్లు బందైనకాంచి కన్ను మూస్తలేడు."

"రోజు తాగుతుండెనా?"

"తాగుతుండె. పొద్దుగాల, మాపటికి."

డాక్టర్ చీటీ ఉందా అని అడగలేదు. ముందు నిలబడ్డ ఆడవాళ్లకు ఇచ్చిన గోలీలే కత్తిరించి చేతిలో పెట్టాడు.

"రెండు ఎయ్యి. హాయిగ పండుకుంటడు."

ఇంటికొచ్చి గోలీలు చెంచాతో నలిపింది. చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. ఈసారి ఉమ్మలేదు. కాసేపటికి వణుకు తగ్గింది. పిడికిళ్లు వదులయ్యాయి. కళ్లు మూతపడ్డాయి. ఆ ముఖం అంత నిమ్మళంగా ఉండగా చూసి ఎన్నాళ్లయిందో! నిరోష ఇంత గటక తిని, మిగిలిన పూట కూలైనా దొరుకుతుందని చేనుకు పరుగెత్తింది.

పొద్దుగూకాక వచ్చేసరికి అమృతమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"లేచిండా అవ్వా?"

"లేదు బిడ్డా. సప్పుడే లేదు."

"పండనీ. ఎన్ని దినాలాయె."

నిరోష కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లింది. అమృతమ్మకు మనసు ఊరుకోలేదు. లోపలికి నడిచి, వాసానికి కట్టిన చీర ఊయలలోకి వంగి, ఇంకా పన్నైనా మొలవని హనుమంతు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.