పిడికెడు బియ్యం ముంత

"మిషన్ దొర అడిగితే, మీ ఆయన తాగి గంటగోపురం ఎక్కినాడని చెప్పు జీవమ్మా," అన్నాడు సంఘపెద్ద లేవి, శాంతయ్య శవం వైపు చూడకుండా.

"ఆయన కల్లు ముట్టడని నీకు తెల్దా అన్నా?"

లేవికి తెలుసు. గోపురానికి కట్టిన కర్రలు పుచ్చిపోయాయని శాంతయ్య నిన్న చెప్పింది తనకే. ఏం కాదు, ఎక్కమన్నదీ తనే.

"కర్రలు విరిగి పడినాడంటే దొర గోపురం పని నిలిపేస్తాడు. గుడి పరువు పోతాది. తాగినాడని ఒప్పుకుంటే సంఘం క్షమించి సమాధుల తోటలో చోటిస్తాది. లేకుంటే లేదు."

జీవమ్మ శవం మీది గుడ్డ సర్దింది.

"అట్లే చెప్తా. ఆయన్ను బయట పూడ్చొద్దండి."

లేవి లేచాడు. ఆమె లోపలికి పోయి ముంత తెచ్చి ఇచ్చింది. వండినప్పుడల్లా గుడి కోసం పిడికెడు తీసి దాచే బియ్యం అందులో ఉన్నాయి.

"ఈ పొద్దు పిడికెడు ఆయనే ఏసినాడన్నా. 'కర్రలు బాగలేవంటివే, పోవద్దు' అని నేనంటే, 'లేవి అన్న చెప్పినాక భయమెందుకు' అన్నాడు."

ముంత అందుకున్న పెద్ద, ఇచ్చినవాళ్లను దీవించాలి. లేవి ముంతలోని బియ్యాన్నే చూస్తున్నాడు.

జీవమ్మ తలమీద కొంగు కప్పుకుని, తల వంచి, ఆ దీవెన కోసం నిలబడే ఉంది.