ఎండబెట్టిన మల్లి

"సుక్క నీళ్ళు పోయలేదక్కా! ఎన్నిసార్లు చెప్పేది?"

"మరి వాసన యాడికి పోయిందే?"

గోడకు ఆ పక్క పంకజాక్షి, ఈ పక్క వరలక్ష్మమ్మ. పక్కనే గుండుమల్లి చెట్టు, నిలువెల్లా విరగబూసి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. అప్పుడే కోసిన మొగ్గలు దోసిట్లో పెట్టుకుని వరలక్ష్మమ్మ గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. విసురుగా గోడమీద పోసేసింది.

"సూడు! కాగితం పూలు నయం."

"అట్లనద్దక్కా. సందు మొదట్లో ఆటో దిగేటప్పుడే నాకు గుప్పుమనింది."

"ఓహో, అబద్ధాలు గూడా నేర్సినావా!"

పంకజాక్షి మొహం వాడిపోయింది. గిరుక్కున తిరిగి లోపలికి పోయింది.

చిత్తూరులో ఆ సందుకు కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంటి నంబరు చెప్పే పనే లేదు. మల్లి వాసన పట్టుకుని వస్తే వరలక్ష్మమ్మ ఇల్లే. బోరు ఎండిపోయి సందంతా ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన ఏడు కూడా ఆ చెట్టు బియ్యం కడిగిన నీళ్ళతో బతికేసింది. కరువుకు బెదిరే చెట్టు కాదది. దాన్ని చెడగొట్టేది ఎండ కాదు, మనిషి జాలి అంటుంది వరలక్ష్మమ్మ. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేసి, నీళ్ళు ఆపేయాలి. చచ్చిపోతున్నట్టు కనిపించినా సరే, మనసు రాయి చేసుకుని చూస్తూ ఉండాలి. అలా ఎండబెడితేనే మొగ్గకు వాసన పడుతుందని ఆమె నమ్మకం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈసారి ఆమెను జ్వరం పట్టుకుంది. మంచం దిగలేకపోయింది. చెట్టును పంకజాక్షికి అప్పజెప్పింది.

"ఏం చెయ్యాలక్కా?"

"ఏమీ చెయ్యద్దు. అదే పని."

ఇద్దరూ నవ్వుకున్నారు కూడా ఆ రోజు. ఇప్పుడు చెట్టు పూసింది, వాసన లేదు! ఇక వేరే అర్థం ఏముంది? మోడైన చెట్టును చూసి జాలిపడి పంకజాక్షి నీళ్ళు పోసేసింది. పోసి దాస్తోంది.

ఒక అనుమానం వచ్చాక అన్నీ గుర్తొస్తాయి కదా. జ్వరంలో పంకజాక్షి రోజూ మిరియాల చారు తెచ్చిపోసింది. అదీ చప్పిడే. మనసు పెట్టి చేసిన చారు అట్లుంటుందా?

"ఇంద అత్తా, కాఫీ." కోడలు నవీన గ్లాసు అందించింది.

ఒక గుక్క తాగి వరలక్ష్మమ్మ మొహం చిట్లించింది. "వేణ్ణీళ్ళమ్మే ఇవి. పొడి అంగడి మార్చమంటి గదా?"

"మార్చినా గదత్తా! ఇది రెండో అంగడి."

"అందరూ మోసగాళ్ళే." గ్లాసు పక్కన పెట్టేసి కొడుకు వైపు తిరిగింది. "గిరీ, ఆదివారం కాణిపాకం పోతాండాం. పంకజ స్వామి ముందర ప్రమాణం చెయ్యల్ల."

గిరిప్రసాద్ నోరు తెరిచాడు. "పూల కోసం ప్రమాణమా! కాణిపాకంలో నిలబెట్టినాక ఆమె మళ్ళా మన గడప తొక్కతాదా? నాయన పోయినప్పుడు ఎవరుమా నీ పక్కన పండుకునింది?"

"అందుకేరా ఈ మంట. 'పోసినానక్కా, తప్పయింది' అని ఒక్క మాట అనమను, నేనే నవ్వి ఊరుకుంటా. నాతో అబద్ధం ఏంటికి? స్వామి ముందరైనా నిజం ఒప్పుకుంటాది, సూడు."

"నీకో దండం." అతను బండి తీసుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

కాసేపటికి మేడమీంచి బట్టలు తెస్తున్న నవీన మెట్ల మీదనుంచే వంటింట్లోకి పరుగెత్తింది. "అయ్యో, పప్పు మాడి బొగ్గయిపాయె! పక్కనే కూర్చోనుండారు గదత్తా!"

"నా మనసు ఈడుంటే గదా!"

ఆదివారం బస్సులో పంకజాక్షి అలవాటుగా పక్క సీట్లో చేతిగుడ్డ వేసింది. వరలక్ష్మమ్మ ఎక్కడం చూసి, ఒక క్షణం ఆగి, ఆ గుడ్డ తీసేసుకుంది. వరలక్ష్మమ్మ వెనక సీట్లో నవీన పక్కన కూర్చుంది. దారంతా ముందున్న ఆ జడనే చూస్తూ పోయింది. ఇప్పుడు వెనక్కి తిరిగి తప్పయిందంటుంది, ఇప్పుడు, ఇప్పుడు...

తిరగలేదు.

తలస్నానం చేసి తడి చీరతోనే స్వామి ముందు నిలబడింది పంకజాక్షి. చలికో దేనికో గడ్డం వణుకుతోంది. గొంతు మాత్రం వణకలేదు.

"ఆ మల్లికి నేను సుక్క నీళ్ళు పోసింటే, దాని వాసన నేను చెడగొట్టింటే, నా ఇల్లు చల్లంగుండకూడదు స్వామీ."

నవీన కళ్ళు తుడుచుకుంది. వరలక్ష్మమ్మ తలెత్తి ఆమెను చూసింది. ఇంత మాట అనేసింది! అబద్ధమైతే ఇంత మాట అనగలదా?

పంకజాక్షి కొంగుముడి విప్పి ఒక తాళంచెవి తీసింది. వరలక్ష్మమ్మ ఇంటి రెండో తాళంచెవి. ఎన్నో ఏళ్ళుగా ఆమె దగ్గరే ఉంటుంది.

"ఇది నీ దగ్గరే పెట్టుకో అక్కా. చెట్టుకు యాడ తెగులు తగిలిందో ఇంకెవరినైనా అడుగు."

తాళంచెవి చేతిలో పెట్టి, తిరిగి చూడకుండా జనంలో కలిసిపోయింది.

"పంకజా..." వరలక్ష్మమ్మ జనంలోకి ఒక అడుగు వేసింది.

అప్పుడే పూజారి హారతి పళ్ళెం తెచ్చాడు. కర్పూరం భగ్గున మండుతోంది. వరలక్ష్మమ్మ రెండు చేతులూ చాపి కళ్ళకద్దుకుంది. నల్లటి పొగ నేరుగా మొహం మీదికే వచ్చింది. అలవాటుగా గుండెల నిండా పీల్చింది. ఆగి, మళ్ళీ పీల్చింది.

కర్పూరానికీ వాసన లేదు.