తడి సాన

సాన మెషీన్ కొనడానికి వచ్చినాయన ముందు చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు.

బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. రాళ్ళు సానబట్టడంలో ఓనమాలు కూడా రావు. కానీ తిరిగేదేదైనా సరే, బాగుందో లేదో చప్పుడు విని చెప్పేస్తాడు.

"బేరింగులు పర్వాలేదు. బెల్టు మార్చాలి," అన్నాడు.

"మార్చుకోండి. మిగతాదంతా గుండ్రాయిలా ఉంది," అన్నాడు ఇంటి పెద్దాయన.

"ఎవరిదండీ ఇది?"

"మా ఇంట్లోవాళ్ళదే. దీనిమీద చేసినవాళ్ళు ఇక చెయ్యలేరు."

గొంతు తగ్గించి చెప్పాడు.

గది మూల మంచం మీద శాలువా కప్పుకుని ఒకావిడ కూర్చుని ఉంది. కళ్ళు మెషీన్ మీంచి కదలడం లేదు. పాపం, భర్త పోయినట్టున్నాడు, ఈయన బావగారు కాబోలు అనుకున్నాడు డ్రైవరు.

కిటికీలో సానబట్టిన రాళ్ళు వరసగా ఉన్నాయి. అడుగు చదును, పైన గుడ్డు పెంకులా ఉబ్బెత్తు. ఒకదాన్ని బొటనవేలితో రాసి చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

"ఏం పనితనమండీ ఇది," అన్నాడు. "మా ఆవిడ ఏ ఏరు కనబడినా దిగి రాళ్ళేరేది. తను పోయాక డబ్బా నిండా అవే మిగిలాయి. ఒకటి ఇలా తీర్చి గొలుసులో వేసిస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను."

శాలువా ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

"నీళ్ళు పెట్టే నడుపుతారుగా అన్నయ్యగారూ?"

"తెలుసమ్మా."

"నీళ్ళు లేకపోయినా ఒక్క నిమిషమే కదా అనిపిస్తుంది. అప్పుడు కూడా ఆపెయ్యండి."

ఆ రెండు ముక్కలకే ఆవిడ ఆయాసపడింది.

డ్రైవరుండేది ఆ పక్క వీధే. మెషీన్ని తెచ్చి ముందుగదిలో బిగించుకున్నాడు. చెయ్యి ఆనించుకునే చెక్క మీద ఎవరి వేళ్ళో అరగదీసిన గుంటలున్నాయి. వాటిలో తన వేళ్ళు పట్టలేదు.

మొదటి రాయిని గుడ్డులా తీర్చబోతే వంకాయలా వచ్చింది.

"ఇది వేసుకుంటే నా మెడ నేల చూస్తుంది నాన్నా," అంది కూతురు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం తల ఎత్తి చూస్తే, గేటు బయట మెట్టు మీద శాలువా ఆవిడ.

"లోపలికి రండమ్మా."

"వద్దు అన్నయ్యగారూ. మీ పని మీరు కానివ్వండి."

మెషీన్ తిరిగినంతసేపూ అక్కడే కూర్చుంది. ఆపగానే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

"మొగుడే ఇంకా పనిచేస్తున్నాడని అనిపిస్తుందేమో, పాపం," అంది కూతురు.

ఆ మాట డ్రైవరుని పట్టుకుని వదల్లేదు. మెషీన్ ముందు కూర్చుంటే ఎవరో పోయినాయన ఒళ్ళో కూర్చున్నట్టుండేది. వెనక్కి తిరిగితే మెట్టు మీద ఆవిడ, తల వంచుకుని, వింటూ.

చెయ్యి కాస్త కుదిరాక, భార్య ఏరిన వాటిలో తెల్ల చారున్న పచ్చరాయి తీశాడు. లక్కతో పుల్లకి అంటించి సాన మీద పెట్టాడు. ముప్పాతిక పని అయ్యేసరికి సాన మీదికి నీళ్ళొచ్చే గొట్టం పూడుకుపోయింది.

ఇంకో అంచే కదా అనుకుని ఆపలేదు. పిండిలా తెల్లటి దుమ్ము లేచింది.

ఎప్పుడు లోపలికొచ్చిందో, ఆవిడ ప్లగ్గు లాగేసింది.

ఉలిక్కిపడ్డాడు. పుల్ల చేజారింది. రాయి నేలకి కొట్టుకుని రెండు ముక్కలైంది.

డ్రైవరు ముక్కలకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు.

"మీ ఆయన పోతే ఇక దీన్నెవరూ ముట్టుకోకూడదా? ఇది నా భార్య రాయమ్మా. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకండి."

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

గొట్టం బాగుచేసుకుని, పెద్ద ముక్కని తీర్చాడు. పని మధ్యలో మెషీన్ ఆపి మెట్టుకేసి చూసేవాడు. ఖాళీ మెట్టు. మళ్ళీ తిప్పగానే ఎవరో వింటున్నట్టే ఉండేది.

రాయి నున్నగా వచ్చింది. కూతురు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది.

"పద, ఆవిడకి చూపిద్దాం. తప్పయిందని కూడా చెప్పు నాన్నా."

ఇద్దరూ వెళ్ళారు. తలుపు తీసే ఉంది. మూల మంచం మీద పరుపు లేదు.

"పోయిన వారమే పోయింది," అన్నాడు పెద్దాయన.

డ్రైవరు గుమ్మం మీదే కూర్చున్నాడు.

"నేను చాలా మాటలన్నానండీ ఆవిడని."

"చెప్పింది. మీ మీద కోపమేం లేదు. నడవొద్దని డాక్టరు తిట్టినా వినేది కాదు. 'ఆయన కొత్తవాడు, నీళ్ళు ఆగితే సాన గొంతు మారుతుంది, అది ఆయనకింకా తెలీదు' అంటూ రోజూ మీ వీధికి బయల్దేరేది. నీళ్ళు లేనప్పుడు లేచే రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదని తనకి తెలుసు. ఆ రోజు వచ్చి, 'నీళ్ళు లేకుండా తిప్పుతుంటే ఆపేశాను, తిట్టారన్నయ్యా, ఇక జాగ్రత్తగా ఉంటారు' అని నిశ్చింతగా పడుకుంది."

కూతురు మెడలోని రాయిని గుప్పిట్లో మూసింది.

డ్రైవరు తల ఎత్తి అడిగాడు. "భర్తని మింగిన మెషీన్ చప్పుడు, అన్నాళ్ళు నాకోసం విన్నారా ఆవిడ?"

"భర్తేమిటండీ, మా చెల్లెలికి పెళ్ళే కాలేదు," అన్నాడు పెద్దాయన. "జీవితమంతా ఆ మెషీన్ ముందు కూర్చుని ఆ దుమ్ము పీల్చింది తనే."