కొత్త చెయ్యి

గుమాస్తా ఉద్యోగం మానేసి, తోటపని చేస్తానని కార్డులు పంచిన పదో రోజుకి నాకు మొదటి పిలుపు వచ్చింది.

"పనికి కొత్తే కదా?" గేటు దగ్గరే అడిగారు ఇంటావిడ.

"అబ్బే, పదేళ్ళ అనుభవమండీ."

ఆవిడ మొహం మాడ్చుకుని గేటు వేయబోయారు.

"ఇవాళే మొదలండీ!" నిజం కక్కేశాను.

"ఆ మాట ముందే చెప్పొద్దూ!" అంటూ పెరట్లోకి తీసుకెళ్ళి ఒక మడి చూపించారు. "ఇదంతా కలుపే బాబూ. పీకెయ్."

వేళ్ళతో సహా పీకేశాను. అప్పుడే బజారు నుంచి వచ్చిన ఇంటాయన మడి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "అయ్యో, నా మందు మొక్కలు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పాపం, కొత్తవాడండీ. కలుపనుకున్నాడు," అన్నారావిడ.

ఆయన గొణుక్కుంటూ లోపలికెళ్ళారు.

"అదేంటండీ, మీరే కదా..."

"ష్! మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ ఆకుల కషాయం కాచి నాచేత తాగిస్తున్నారు. ఎలాగూ మళ్ళీ నాటుతారు, వచ్చే నెల రా." గొంతు తగ్గించారు. "ఈలోపు నువ్వు మాత్రం పని నేర్చేసుకోకు."