కొండ దాకా సాగనంపు

కారు వెనక సీటులో ఒక గుడారం, రెండు పడక సంచులు, మసిబారిన కాఫీ గిన్నె. ముందు సీట్లలో తల్లీ కూతుళ్లు. అమెరికాలో బ్యూట్ అనే ఊరి నుంచి బయలుదేరి, కొండలూ అడవులూ నిండిన గ్లేసియర్ పార్కులోకి వచ్చారు. ఒక్కో సాయంత్రం ఒక్కో చోట గుడారం వేసుకుంటూ, పగలంతా కాళ్లు పీకేలా కొండదారులు తిరుగుతూ ఉత్తరానికి పోతున్నారు.

చివరి మజిలీ ఒక కొండ కొమ్మున ఉన్న కాపలా గది. నాలుగు వైపులా అద్దాలు. వేసవి అయ్యేదాకా అందులో ఒక్కరే ఉండాలి. అడవిలో ఎక్కడ పొగ లేచినా కనిపెట్టి కిందికి కబురు చెప్పాలి. అంతే ఉద్యోగం. తోడుగా వచ్చినవాళ్లు దింపేసి వెనక్కి పోవలసిందే.

ఆ గది మీద మోజు నిన్నటిది కాదు. పోయినేడు ఈ ఉద్యోగం చేతిదాకా వచ్చింది కూడా. బయలుదేరే రోజు పొద్దున ఆర్డిస్ వంటింట్లో కూలబడి, "నావల్ల కాదే, విడిచి ఉండలేను" అంది. దాంతో అంతా ఆగిపోయింది. పార్కువాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు. ఈసారీ వెనక్కి తగ్గితే మళ్లీ పిలవరు.

"అమ్మా, పైకి వెళ్లాక మాట మార్చవు కదా?" అంది కారిన్ మలుపులో కారు తిప్పుతూ.

"ముందు ఎక్కనీ, చూద్దాం."

"నువ్వు చూద్దాం అన్నప్పుడల్లా నాకు గుండె దడ."

"నాకు లేదనుకుంటున్నావా? రోడ్డు చూసి నడుపు."

భర్తతో తెగతెంపులు చేసుకుని కారిన్ పుట్టింటికి వచ్చినప్పటి నుంచి, ఇద్దరూ ఒక్క రాత్రి కూడా వేర్వేరు కప్పుల కింద పడుకోలేదు. నలభైకి దగ్గరపడిన కూతురు జలుబు చేసి తుమ్మినా ఆర్డిస్ పరిగెత్తుకొస్తుంది.

సాయంత్రం ఒక సరస్సు పక్కన గుడారం వేశారు. పొయ్యి మీద చిక్కుళ్లు వేడి చేస్తూ ఆర్డిస్ పాఠం మొదలుపెట్టింది.

"పిడుగులు పడేటప్పుడు ఇనుప సామాను ముట్టుకోకూడదు. గదిలో గాజు కాళ్ల పీట ఒకటి ఉంటుంది. దాని మీదెక్కి నిలబడాలి. ఇక పొగకీ మంచుకీ తేడా ఏమిటంటే..."

"పొగ ఒకచోట నుంచి లేస్తుంది. మంచు లోయంతా పాకుతుంది. అమ్మా, ఆ లైబ్రరీ పుస్తకం మొత్తం నాకు కంఠతా వచ్చేసింది. ఇంక తిండి పెట్టు."

పక్క గుడారంలోని వెండెల్ ఈ మాటలు విన్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, ఊరికే ఉండలేడు. హకల్‌బెర్రీ అనే అడవి పళ్లు కూరి కాల్చిన తీపి రొట్టె ఒక ముక్క పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు. కారిన్‌ను ఎగాదిగా చూశాడు.

"కొండ మీద కాపలాకా? గట్టి గుండే. ఎలుగుబంట్లు మెట్ల దాకా వస్తాయట అక్కడ."

"బాబ్బాబు, ఆ మాట మా అమ్మ దగ్గర అనకండి. ఇప్పుడే కారు వెనక్కి తిప్పమంటుంది."

"ఎలుగుబంట్ల గురించి కాదులే నా దిగులు" అంది ఆర్డిస్, గరిటె దులుపుతూ.

"పిల్లలు పెద్దవాళ్లయ్యాక వదిలెయ్యాలి, అమ్మగారూ" అన్నాడు వెండెల్.

"వదలడానికే కదా ఇంత దూరం వచ్చాను" అంది ఆర్డిస్. తీపి రొట్టె ముక్క మాత్రం సగానికి పైగా తనే తినేసింది.

తెల్లవారగానే నిప్పు మీద నీళ్లు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చల్లారిందని చూసుకుని నడక మొదలుపెట్టారు. బరువు సామాను ముందురోజే కంచరగాడిదల మీద పైకి చేరింది. ఆర్డిస్ ముందు, రొప్పుతూ కారిన్ వెనక. ఎలుగుబంటికి ఎదురుపడి దాన్ని ఉలిక్కిపడేలా చేయకూడదు కాబట్టి, మలుపు మలుపుకీ చప్పట్లు కొట్టి కేకెయ్యాలి.

"ఎలుగన్నా, వస్తున్నాం, పక్కకి తప్పుకో" అని ఆర్డిస్ అరిచింది.

కాసేపటికి కారిన్‌కు అదే మాట విని విసుగొచ్చింది. "ఎలుగన్నా, మా ఆయన గురక గురించి చెప్పనా? వంటిల్లు అదిరేది."

"వాడి సంగతి దానికెందుకే, పాపం. అడవి వదిలి పారిపోతుంది."

నవ్వుకుంటూ, ఆయాసపడుతూ, మధ్యాహ్నానికి కొమ్ము చేరారు. గది మెట్ల మీద కూర్చుని ఇద్దరూ నీళ్లు తాగారు. కింద అడవి, దాని మీద మేఘాల నీడలు. నవ్వులు అక్కడితో అయిపోయాయి.

"పొయ్యి ఆపడం మరిచిపోకు" అంది ఆర్డిస్.

"మరిచిపోను."

"డబ్బా తిండితో సరిపెట్టుకోకు. ఒక్క మనిషికైనా వండుకోవాలి."

"వండుకుంటాను."

"రాత్రి గాలికి తలుపు కొట్టుకుంటుంది. ఎవరో వచ్చారని బెదిరిపోకు. కుర్చీ అడ్డం పెట్టుకో."

"పెట్టుకుంటాను."

"పలకరించే మనిషి లేదని ఏడుస్తూ కూర్చోకు."

"కూర్చోను" అంటూనే కారిన్ ఏడ్చేసింది.

ఆర్డిస్ పెదాలు కదిలాయి. పద, ఇద్దరం ఇంటికి పోదాం అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. కారిన్ అది చూసింది. గబుక్కున తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అనకమ్మా. అన్నావంటే నేను సరేనంటాను. తర్వాత ఇద్దరం ఏడాదంతా బాధపడాలి."

ఆర్డిస్ ఆ మాటను మింగేసింది. కూతురి టోపీ సరిచేసింది. బూటు తాడు వదులుగా ఉంటే వంగి ముడి వేసింది. ఇక చెయ్యడానికేమీ మిగలలేదు. ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, వదిలేశారు.

మలుపులో కారిన్ టోపీ కనుమరుగయ్యే దాకా ఆ మెట్ల మీదే నిలబడి, ఆర్డిస్ గది లోపలికి వెళ్లి, రేడియో మీట నొక్కి, "కొత్త కాపలా మనిషిని మాట్లాడుతున్నాను, ఆర్డిస్‌ని, పనిలో చేరాను" అని కిందికి కబురు చెప్పింది.