ముందు నువ్వు, తర్వాత నేను

"దొడ్డికి వెళ్తే నాకు రక్తం పడుతోందిరా" అంది మూయ్, గంజి గిన్నె పక్కకు నెట్టి.

ఖాంగ్ చేతిలో చెంచా ఆగిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగైదు వారాలుగా."

"ఇప్పుడా చెప్పడం?"

తల్లికి ఎనభై దాటాయి, కొడుక్కి యాభై. చుట్టూ డ్రాగన్ ఫ్రూట్ తోట, నడుమ ఇల్లు, ఇంట్లో వాళ్ళిద్దరే. ఖాంగ్‌కు ఆసుపత్రి అంటే గిట్టదు. పేగు జబ్బని తండ్రిని నడిపించి తీసుకెళ్ళి శవాన్ని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కత్తి దిగి కాలు చీరుకుపోయినా ఆ గడప తొక్కలేదు. తల్లి బతిమాలినా, తిట్టినా చెవిన పెట్టేవాడు కాదు. ఈసారి మాత్రం పళ్ళ కోత మధ్యలో వదిలేసి, ఆమెను మోటార్‌సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఫాన్ థియెట్ పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టర్ దియెప్ నిదానంగా మాట్లాడే మనిషి. "ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ తిన్నారా బామ్మా? అది తిన్నా ఎర్రగానే పడుతుంది. చాలామంది హడలిపోయి నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు."

"నేను దాని జోలికే పోనమ్మాయీ. అమ్ముడుపోనివన్నీ వీడే మింగుతాడు, పొద్దునా రాత్రీ."

డాక్టర్ ఖాంగ్ వైపు తిరిగింది. "కింది నుంచి గొట్టం పంపి పేగంతా చూడాలి. ఈ వయసులో ఊరికే అయితే నేను చెయ్యను. లోపల కాయలాంటి చిన్న గడ్డ ఉన్నా ముదరడానికి ఏళ్ళు పడుతుంది. గొట్టం తగిలి పేగుకు చిల్లు పడితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. రక్తం అంటున్నారు కాబట్టి ఆలోచించాలి. ముందు స్కానింగ్ చేద్దాం."

"స్కానింగూ గీనింగూ వద్దు, గొట్టమే పెట్టు" అంది మూయ్. "కానీ ఒక్కదాన్నే అయితే నాకు భయం. వీడూ చేయించుకోవాలి, వీళ్ళ నాన్న పోయిందీ పేగు జబ్బుతోనే."

"నాకెందుకమ్మా? దుక్కలా ఉన్నాను."

"తండ్రి పోయింది దీనితోనే కదా, చేయించుకుంటే మంచిదే" అంది డాక్టర్.

ఖాంగ్ లేచి నిలబడ్డాడు. "నాకేం అక్కర్లేదు."

"అయితే నాకూ అక్కర్లేదు, పద. మీ నాన్న పక్కన ఇంకో గుంట తవ్వుదువుగాని. గొట్టానికి జడిసి తల్లిని చంపుకున్నాడని ఊరంతా చెప్పుకుంటుంది."

ఖాంగ్ మళ్ళీ కూర్చున్నాడు. ఆమె మొండితనం అతనికి కొత్త కాదు.

"సరే. కానీ ముందు నువ్వు, తర్వాత నేను. నన్ను లోపలికి పంపి నువ్వు పారిపోయే రకం."

మూయ్ కొడుకు వంక చూసింది. "అలాగే కానీ" అంది.

పరీక్షకు ముందురోజు పేగు ఖాళీ కావడానికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని విరేచనాల మందు తాగారు. ఉన్న ఒక్క మరుగుదొడ్డి కోసం పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. పొద్దువాలేసరికి ఆమె కళ్ళు పీక్కుపోయాయి. ఖాంగ్‌కు ఏడుపొచ్చింది.

"పోనీ మానేద్దామా అమ్మా?"

"నోరు మూసుకుని తాగు."

మర్నాడు ముందు ఆమెను తీసుకెళ్ళారు. బయటికి తెచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"నొప్పిగా ఉందా?"

"చీమ కుట్టినట్టయినా లేదు. వెళ్ళు, నీ వంతు."

మంచం ఊచను రెండు చేతులా బిగించి పట్టుకుని, తలుపు మూసుకునేదాకా అతన్నే చూస్తూ ఉంది.

ఖాంగ్ మత్తు దిగి లేచేసరికి ఆమె మంచం అక్కడ లేదు. పేగుకు చిల్లు పడిందని ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. ఆమెకు మళ్ళీ తెలివి రాలేదు. వారం తిరక్కుండానే తోట చివర తండ్రి పక్కన పాతిపెట్టాడు.

డాక్టర్ కబురు పెడితే తల్లి చావుకు తలకు కట్టిన తెల్లగుడ్డతోనే వెళ్ళాడు.

"మీ పేగులో కాయ ఉందండీ. ఇంకా ముదరలేదు. ఇప్పుడే తీసేస్తే బతుకుతారు" అంది ఆమె.

"ఉండనీండి. ఆవిణ్ణి నా చేతులతో తీసుకొచ్చి చంపుకున్నాను, నేను బతికి ఏం చేయాలి?" "ఆ రక్తం ఎందుకు పడిందో ఒక్కటి చెప్పండి, చాలు."

"ఆవిడ పేగు కడిగిన పళ్ళెంలా ఉంది. రక్తం పడే జబ్బేదీ లేదు."

"అయితే నాతో అబద్ధమాడిందా?"

డాక్టర్ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది.

"ఆపరేషన్ గదిలోకి వెళ్తూ నాతో చెప్పిందండీ, రక్తం చూసిన మాట నిజమేనట, రోజూ పొద్దున మీరు దొడ్డికి వెళ్ళొచ్చాక."